హొవీతా ఇంట్లో తీపి లేదు

హొవీతా గురించి మా ఊళ్ళో ఎవరికి తోచింది వాళ్ళు అంటారు. పొగరుబోతని కొందరు, పిచ్చిదని కొందరు. సంతలో ఇన్నేళ్ళు ఆమె పక్కన కూర్చున్నదాన్ని నేను. నాకు తెలిసినంత ఆ నోళ్ళకేం తెలుసు?

మా బల్లలు రెండూ ఒకే రేకు కింద ఉండేవి. నావి నాగజెముడు మట్టలు, గంగవాయిల కూర, తోటకూర, సీమ వంకాయలు. తెల్లారకముందే కోసుకొచ్చి, కత్తితో ముళ్ళు గీకి, నీళ్ళు చిలకరించి పేర్చేదాన్ని. ఆమెవి తీపి రొట్టెలు. వెదురు గంపలో తెల్లగుడ్డ పరిచి గుండ్రంగా, గోపురంలాగా పేర్చేది. మెక్సికోలో మా త్లస్కాలా వైపు రొట్టె అంటే మాటలా? కిత్తనార కల్లు పోసి పులియబెట్టిన పిండి. కాలుతుంటే వీధి చివరిదాకా వాసన. ఆ వాసన ముందు నా కూరలేం నిలబడతాయి? జనం ఆమె దగ్గర నవ్వుతూ ఆగేవాళ్ళు, నా దగ్గర బేరమాడుతూ ఆగేవాళ్ళు.

"ప్రిస్కా అక్కా, నీ ముళ్ళు ఎగిరొచ్చి నా రొట్టెల మీద పడుతున్నాయి. అటు తిరిగి గీక్కో" అనేది.

"పడనీవే. నీ రొట్టెకి కాస్త బలం వస్తుంది" అనేదాన్ని.

"బలం కావాల్సినవాళ్ళు నీ దగ్గరికొస్తారు. బతుకు మీద ఆశ ఉన్నవాళ్ళు నా దగ్గరికొస్తారు."

అలా ఉండేది దాని నోరు. నా నోరు అంతకంటే పెద్దది కాబట్టి సరిపోయింది.

ఇన్నేళ్ళలో ఆమె నా దగ్గర ఒక్క కట్ట కూర కొన్న పాపాన పోలేదు. సాయంత్రం మిగిలిన తోటకూర ఊరికే ఇచ్చినా, "మా మేక తింటుందిలే" అని పట్టుకెళ్ళేది. నా మొహం మీదే అనేది. నాకు ఒళ్ళు మండేది. తర్వాత ఒకసారి వాన పడి సంత ఖాళీగా ఉన్నప్పుడు తనే చెప్పింది, ఎందుకో.

ఆమె పుట్టింది మలించే కొండ వాలులో, ఆఖరి గుడిసెల్లో. తండ్రి కిత్తనార కల్లు గీసేవాడు, గీసింది గీసినట్టు తాగేవాడు. తల్లి పొలాల గట్ల మీద కూర గిల్లుకొచ్చేది. పొద్దున కూర. మధ్యాహ్నం కూర. రాత్రికి ఆ కూర ఉడికిన నీళ్ళు. మొక్కజొన్న రొట్టె ఉన్న రోజు పండగ. "అక్కా, నా చెల్లెలు గంగవాయిల కూర నోట్లో పెట్టుకునే చచ్చిపోయింది. నమలడానికి ఓపిక లేక. నువ్వు ఆ కూరని కట్టలు కట్టి నీళ్ళు చల్లి ముద్దు చేస్తుంటే నాకు ఆ పిల్ల పెదాలు గుర్తొస్తాయి" అంది.

నా కూరలో ఇనుముందే, బలముందే అని చెప్పనా? కూర ఒక్కటే తిని మనిషి బతకడు. అది కూర తప్పు కాదు. కానీ ఆ మాట చెల్లెల్ని పాతిపెట్టినదానితో అనలేం కదా. వంగి ముళ్ళు గీక్కున్నాను.

తీపి రొట్టె ఆమె మొదటిసారి చూసింది ఎవరిదో పెళ్ళిలో. మా పెళ్ళిళ్ళలో తోడుపెళ్ళివాళ్ళు గంపలకొద్దీ రొట్టె నెత్తిన పెట్టుకుని, బాజాలతో, వీధి వీధీ ఆడుకుంటూ తెస్తారు. ఆ గంప ఒకటి వంగి ఒక రొట్టె కింద పడితే, కుక్కకంటే ముందు తను అందుకుందట. ఆ రోజే అనుకుందట, నాకు పిల్లలు పుడితే రొట్టె మీద పెంచుతాను, మా ఇంట్లో ఆకు వండను అని. పెద్దయ్యాక రొట్టెలవాళ్ళ ఇంట్లో, రొట్టె కాల్చే రేకులకి నెయ్యి రాసే పనికి చేరింది. ఆ ఇంటి కొడుకు ఫిదెన్సియోని చేసుకుంది. మంచివాడు. నవ్వితే మీసం ఒక పక్కకి లేచేది. విరిగిన రొట్టెలు నాకు ఊరికే ఇచ్చేవాడు, "తిను ప్రిస్కక్కా, తీపి తింటే నోరు మెత్తబడుతుంది" అని. నా నోరు ఏ మెత్తబడిందీ లేదనుకో.

రొట్టెలవాళ్ళ బతుకు తిరుగుబోతు బతుకు. ఏ ఊళ్ళో దేవుడి తిరునాళ్ళుంటే అక్కడికి గంపలు ఎక్కించుకుని బండి కట్టాల్సిందే. అలా ఒక తిరునాళ్ళ నుంచి వస్తుంటే, ప్వేబ్లా దారిలో, మంచులో, బండి లోయలోకి బోర్లా పడింది. ఫిదెన్సియో అక్కడికక్కడే పోయాడు. వెనక ఖాళీ గంపల మధ్య పడుకున్న కూతురు మరిసేలా మాత్రం గీత కూడా పడకుండా బయటికొచ్చింది. అప్పటికి చిన్నపిల్ల.

మాలో ఎవరైనా జడుసుకుంటే నోట్లో రొట్టె ముక్క పెడతాం. భయం కడుపులోకి దిగి అక్కడ కూర్చోకుండా రొట్టె పీల్చేస్తుందని. దారినపోయేవాళ్ళెవరో ఆ పిల్ల చేతిలో కూడా ఒక ముక్క పెట్టారు. పిల్ల తినలేదు. తండ్రిని పైకి లాగేదాకా ఆ ముక్క గుప్పిట్లో పట్టుకునే నిలబడింది.

"ఆ ముక్క తినుంటే భయం అప్పుడే దిగిపోయేది" అని హొవీతా వెయ్యిసార్లు అని ఉంటుంది. తినలేదు కాబట్టి ఆ తర్వాత తినిపిస్తూనే వచ్చింది. లేవగానే రొట్టె, బడి నుంచి రాగానే రొట్టె, నిద్రలో ఉలిక్కిపడితే రొట్టె. కూర సరేసరి, ఆ గడప తొక్కలేదు.

పిల్లకి పద్నాలుగు నిండేసరికి బిందెలు బిందెలు నీళ్ళు తాగడం మొదలుపెట్టింది. చిక్కి పుల్లయింది. ఒక రోజు బడిలో పడిపోతే పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళారు. షుగరు. జీవితాంతం రోజూ సూది పొడుచుకోవాలన్నారు. భయం వల్లే ఒంట్లోకి షుగరొస్తుందని మా ఊళ్ళో పసివాణ్ణి అడిగినా చెప్తాడు. డాక్టర్లు కాదంటారు. అనుకోనీ. వాళ్ళేం ఆ లోయ దగ్గర లేరుగా.

ఇక అసలు సంగతి. షుగరున్నవాళ్ళ ఇళ్ళలోని ఆడవాళ్ళందర్నీ మా ఊరి ఆరోగ్య కేంద్రం వాళ్ళు ఒక పొద్దున పిలిచారు. నాకు లేదు గానీ మా ఆయన దాంతోనే పోయాడు, అలవాటుగా వెళ్ళాను. మెక్సికో నగరం నుంచి కొత్తగా వచ్చిన నర్సమ్మ, చిన్నది, మంచిదే, గొంతే కాస్త కోడిపిల్ల గొంతు. బల్ల మీద రెండు పళ్ళాలు పెట్టింది. ఒకదాంట్లో నాగజెముడు మట్టలు, గంగవాయిల కూర, ఒక సీమ వంకాయ. కట్టకి కట్టిన తాటాకు చూసి అవి నావేనని పోల్చుకున్నాను. రెండో పళ్ళెంలో గుండ్రటి రొట్టె, పైన పిండితో తిప్పిన ముడి, దాని మీద గులాబిరంగు పంచదార. అది ఎవరిదో కూడా అందరికీ తెలుసు. ఊళ్ళో అలా ముడి తిప్పేది ఒక్కర్తే.

"ఈ రెండూ కడుపు నింపుతాయి. కానీ లోపలికెళ్ళాక ఏం చేస్తాయో చూడండి" అంది నర్సమ్మ. గాజుగ్లాసు తీసుకుని, రొట్టెలో ఉన్నంత పంచదార చెంచాతో పోస్తూ పోయింది. చెంచా, చెంచా, ఇంకో చెంచా. మైదా కూడా లోపల పంచదారే అవుతుందని మళ్ళీ పోసింది. ఆడవాళ్ళు "అమ్మో, అమ్మో" అంటున్నారు. తర్వాత నా కూరలు పైకెత్తింది. ఇందులో పీచుంది, అది పంచదారని ఒక్కసారిగా రక్తంలోకి ఉరకనివ్వదు, మెల్లగా వదులుతుంది. ఇందులో ఇనుముంది, ఎముకకి సున్నముంది, కంటికి మంచిది, పైగా గట్టు మీద ఊరికే దొరుకుతుంది. "రొట్టె తియ్యగా నవ్వి లోపల కొరుకుతుంది" అంది.

వెనక నుంచి ఎవరో, "హొవీతా, నీ రొట్టెకి పళ్ళున్నాయటే!" అన్నారు. గదంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వకూడదు? మేక తినే కూర మొదటిసారి గెలిచింది.

హొవీతా లేచింది. "ఆ రొట్టె నాది."

"అయ్యో, మీ రొట్టెనని కాదమ్మా, ఏ రొట్టైనా అంతే" అంది నర్సమ్మ.

"నా రొట్టె పళ్ళెంలో పెట్టి ఏ రొట్టైనా అంటావేం?" అని ముందుకెళ్ళి ఆ రొట్టె తీసుకుని, పైట కింద పెట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోయింది.

ఆమె వెళ్ళిపోయాక నర్సమ్మ రెండో సగం చెప్పింది. సూది పొడుచుకునేవాళ్ళకి ఒక్కోసారి షుగరు ఉన్నట్టుండి పడిపోతుందట. వణుకొస్తుంది, చల్లటి చెమట పడుతుంది, పిచ్చిమాటలు మాట్లాడతారు. అప్పుడు కూరలు ఎందుకూ పనికిరావు, తీపే పెట్టాలి, ఏది దొరికితే అది, వెంటనే, లేకపోతే మనిషి దక్కదు అంది. "అయితే చివరికి రొట్టే గెలిచింది" అని ఎవరో అన్నారు. మళ్ళీ నవ్వారు. హొవీతా అప్పటికి ఇంటికి చేరి పొయ్యి ఆర్పేసింది.

అవును, ఆర్పేసింది. మామగారి కాలం నుంచి చల్లారని పొయ్యి. నర్సు చెప్పింది నిజమైతే, తండ్రి పోయిన రోజు నుంచి తన చేత్తో తనే కూతురికి విషం తినిపించింది. ఆ లెక్క ఆమెకి ఒక్క పూటలో అర్థమైంది. పంచదార బస్తా ఇంటి వెనక లోయలో కుమ్మరించింది. బెల్లం, తేనె, పళ్ళు, జామ మురబ్బా, అన్నీ. రొట్టెల బల్ల ఎత్తేసి పరాయివాళ్ళ బట్టలు ఉతకడానికి వెళ్ళింది. నాతో మాట మానేసింది. కానీ నా దగ్గరికే వచ్చేది, ఊళ్ళో అంత లేత మట్టలు ఇంకెవరి దగ్గరున్నాయి?

మొదటి రోజు నా మొహం చూడకుండా బుట్ట చాపింది. "లేతవేనా?"

"మీ మేకకా?" అన్నాను.

"నా కూతురికి."

ఆ గొంతు విని బుట్ట నింపాను.

అప్పట్నించి ఆ పిల్లకి నాగజెముడు కూర, నాగజెముడు రసం, గంగవాయిల కూర, సీమ వంకాయ ఉడకబెట్టింది. మొక్కజొన్న రొట్టె కూడా చింపి సగమే పెట్టేది. సూది మాత్రం ఎప్పుడూ పొడిచేటంతే పొడిచేది. ఒక సాయంత్రం మరిసేలా నా బల్ల దగ్గరికొచ్చి అంచు పట్టుకుని నిలబడింది. చేతులు వణుకుతున్నాయి, వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"మామ్మా, నీ దగ్గర తీపిదేమైనా ఉందా?"

"నా దగ్గర ముళ్ళున్నాయే తల్లీ. ఏమైంది?"

"సూది వేసుకున్నాక ఇలా వణుకొస్తుంది. పట్నంలో చెప్పారు, వణుకొస్తే తీపి తినమని. అమ్మకి చెప్తే, అడిగేది నువ్వు కాదు నీ జబ్బు అంటుంది. జేబులు కూడా వెతుకుతుంది."

ఎదురుగా చిలగడదుంపలు కాల్చేవాడి దగ్గర ఒకటి తీసుకుని బెల్లం పాకం పోయించి పిల్ల చేతిలో పెట్టాను. రెండు ముద్దలు తిందో లేదో, ఎక్కణ్ణుంచి చూసిందో హొవీతా గద్దలాగా వచ్చిపడి లాగి విసిరేసింది. దుంప కాలువలో పడింది.

"నవ్వింది చాల్లేదా? ఇప్పుడు చంపుతావా?"

"ఒసేయ్, నువ్వు వెళ్ళిపోయాక ఆ నర్సు ఇంకో మాట చెప్పింది, వినవే!"

"దాని మాట నా దగ్గర ఎత్తకు. నా రొట్టె మీద నవ్వినవాళ్ళు నా కూతురి సంగతి నాకు చెప్పక్కర్లేదు" అని పిల్లని రెక్క పట్టుకుని లాక్కెళ్ళింది. పిల్ల వెనక్కి తిరిగి మూతి నాక్కుంటూ నన్ను చూసింది. మూతిన అంటిన పాకం వల్లే ఆ రోజు నడిచి ఇల్లు చేరిందని నేననుకుంటాను.

చనిపోయినవాళ్ళు ఇళ్ళకొచ్చే పండగ వచ్చింది. ఆ పొద్దున బంతిపూలు తీసుకుని ఆమె ఇంటికి వెళ్ళాను. మాటలు లేకపోతే ఏం, ఫిదెన్సియో ఊరికే పెట్టిన రొట్టె ముక్కల బాకీ నాకుంది. ఆమె ఇల్లు ఊరి చివర, లోయ అంచున. అవతలి గట్టు మీద గానీ ఇంకో ఇల్లు లేదు. ఊరు ఊరంతా శ్మశానంలో ఉంది, సమాధులు కడుగుతూ. నర్సమ్మ పండగకి తన ఊరెళ్ళింది.

గేటు నుంచి గుమ్మం దాకా, గుమ్మం నుంచి బల్ల దాకా హొవీతా అప్పటికే బంతి రెక్కలతో దారి పోసి ఉంచింది. వచ్చేవాడు దారి తప్పకుండా. బల్ల మీద ఫిదెన్సియో పటం, కొవ్వొత్తులు, ఉప్పు, గ్లాసుడు నీళ్ళు, సాంబ్రాణి. పళ్ళు లేవు, ఆ ఇంట్లోకి పళ్ళు రావడం ఎప్పుడో ఆగిపోయింది. ఒక్క రొట్టె ఉంది. ఆ రొట్టెకి సరిపడా గుప్పెడు పంచదారే కొనుక్కొచ్చి, ఆర్పిన పొయ్యి ఒక్కసారి వెలిగించింది. చచ్చినవాళ్ళకి షుగరు రాదు కదా. దాని మీద గులాబిరంగు పంచదార మందంగా మెరుస్తోంది. పిల్లకి ఎంత తీపి యావున్నా దాన్ని ముట్టదని ఆమెకి తెలుసు. వచ్చినవాళ్ళు తినకముందు వాళ్ళ పళ్ళెం మాలో ఎవ్వరూ ముట్టరు. తాగుబోతులూ ముట్టరు, దొంగలూ ముట్టరు.

మంచం మీద మరిసేలా దుప్పట్లో ముడుచుకుని ఉంది. జుట్టు చెమటకి తలకి అంటుకుపోయింది. హొవీతా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఆకుపచ్చ రసం గ్లాసు పెదాలకి ఆనించి, "తాగు తల్లీ, తాగు, పెరిగింది తగ్గుతుంది, తాగు" అంటోంది. రసం గడ్డం మీద కారుతోంది.

"పొద్దున సూది వేశావా?" అన్నాను గుమ్మంలోంచే.

మాటలు లేవన్న సంగతి మర్చిపోయింది. "వేశాను అక్కా."

"ఏం తింది?"

"రాత్రి కూర. పొద్దున కూడా కూరే, నాలుగు ముద్దలు. వద్దంది."

పిల్ల కళ్ళు తెరిచింది గానీ మమ్మల్ని చూడలేదు. "నాన్నా, మంచుగా ఉంది, ఆపు. బండి ఆపు నాన్నా. గంపలు జారుతున్నాయి" అంది. మత్తుగా, నాలుక తిరగకుండా అంది.

హొవీతా గ్లాసు కింద పెట్టేసింది. "వచ్చేశాడు. ఇంకా మిట్టమధ్యాహ్నం కాలేదు, అప్పుడే వచ్చేశాడు. దీన్ని పిలుస్తున్నాడు."

"ఎవడూ రాలేదు. షుగరు పడిపోయింది. చెయ్యి పట్టుకుని చూడు, చేపలాగా ఉంది. నర్సమ్మ అచ్చం ఇలాగే చెప్పింది. తీపి పెట్టు, వెంటనే."

"తీపా!"

"తీపే. పంచదార ఎక్కడుంది?"

"పారబోశాను."

"బెల్లం?"

"పారబోశాను."

"తేనె? జావ? ఏదో ఒకటి?"

"ఏం లేదక్కా, ఇంట్లో ఏం లేదు, నాలుగు గోడలు గీకినా లేదు" అని లేచి, "అవతలి గట్టుకి పరిగెత్తి తెస్తాను" అని గుమ్మం దాకా వెళ్ళింది. వెనక మంచం చప్పుడైంది. పిల్ల కాళ్ళు బిగుసుకుని కొట్టుకుంటున్నాయి. హొవీతా గుమ్మంలోంచి వెనక్కొచ్చింది. లోయ దిగి ఎక్కాలి. అంత సేపు ఆ పిల్ల ఉండదని ఇద్దరికీ తెలిసింది.

నేను బల్ల వైపు చూశాను. ఆమె నా చూపు పట్టుకుంది.

"వద్దు" అంది. వెళ్ళి బల్లకి అడ్డంగా నిలబడింది. "అది ఆయనది. ఇంకా తినలేదు. అంత దూరం నుంచి ఆకలితో వచ్చి ఖాళీ పళ్ళెం చూస్తే ఏం చేస్తాడు? వట్టి చేతుల్తో వెనక్కెళ్ళడు. దీన్ని తీసుకుపోతాడు."

నా చెయ్యీ లేవలేదు. అబద్ధమెందుకు, అరవై ఏళ్ళ భయం ఒక్క నిమిషంలో పోతుందా? చచ్చినవాడి నోటి ముందు ముద్ద తియ్యడమంటే మాటలా? అయినా అన్నాను, "పెట్టకపోతే పిల్ల పోతుంది."

"పెడితే? రొట్టే కదా దీన్ని ఇక్కడిదాకా తెచ్చింది! ఇన్నేళ్ళు పెట్టి పెట్టి చంపుకున్నాను. మళ్ళీ నా చేత్తో పెట్టనా?" అని గుండెలు బాదుకుంది. "ప్రిస్కా అక్కా, ఆ నర్సు నిజంగా అందా? తీపి పెట్టమని నిజంగా అందా? ఒట్టు వెయ్యి."

"ఒట్టు. మా ఆయన మీద ఒట్టు. వాడూ ఇవాళే వస్తాడు. అబద్ధమైతే నా పీక పిసుకుతాడు, వాడికెలాగూ ఎప్పట్నించో ఆ కోరిక ఉంది."

హొవీతా నన్ను చూసింది, పిల్లని చూసింది. పిల్ల కళ్ళలో తెల్లగుడ్లే ఉన్నాయి. గొంతులోంచి గురక లాంటిది వస్తోంది.

ఆమె వెనక్కి తిరిగి రొట్టె తీసుకుంది. అడగలేదు, దణ్ణం పెట్టలేదు, దొంగలాగా లాక్కుంది. ఆ విసురుకి ఒక కొవ్వొత్తి పడి ఆరిపోయింది. పంచదార ఉన్న పైపెచ్చు విరిచి, ఫిదెన్సియో దాహానికి పెట్టిన గ్లాసులోనే ముంచింది. నీళ్ళు గులాబిరంగు తిరిగాయి. నేను పిల్లని పక్కకి తిప్పి తల ఒళ్ళో పెట్టుకున్నాను.

"గొంతులోకి తొయ్యకు, ఉక్కిరిబిక్కిరవుతుంది. బుగ్గలోకి రాయి, చిగుళ్ళ మీద."

నానిన పంచదార వేలితో తీసి చిగుళ్ళకి రాసింది. బయటికి కారింది. మళ్ళీ రాసింది. మళ్ళీ కారింది. "మింగు. మింగవే. చిన్నప్పుడు నా చంక దిగకుండా అడిగేదానివి కదే. అడగవే ఇప్పుడు. అమ్మ ఇస్తోంది, అడగవే" అంటూ రాస్తూనే ఉంది. నేను కన్యమాతకి ఎన్ని మొక్కులు మొక్కానో, అన్నీ తీర్చాలంటే ఇంకో జన్మ కావాలి.

ఎంతసేపో. పిల్ల నాలుక కదిలింది. పెదవి మీది పంచదారని వెతుక్కుంటూ కదిలింది. ఒక చుక్క మింగింది. ఇంకో చుక్క. కాళ్ళు సడలాయి. హొవీతా మెత్తటి ముక్క చిన్నది పెట్టింది. అదీ పోయింది లోపలికి.

"చలేస్తోంది" అంది మరిసేలా. ఈసారి ఆమె గొంతే.

హొవీతా ఏడవలేదు. ఇంకో ముక్క విరిచింది. పిల్ల కళ్ళు మెల్లగా ముక్క మీద నిలిచాయి, తర్వాత ఖాళీ పళ్ళెం మీద నిలిచాయి. గభాల్న మూతి బిగించింది.

"అమ్మా! ఇది నాన్నది."

"తిను."

"నాన్న ఇంకా తినలేదు. పాపం వస్తుంది."

"పాపం నాకొస్తుంది. నువ్వు నమలు."

"ఆకలితో వస్తాడమ్మా..."

"రానీ. బతికున్నవాళ్ళ తర్వాతే ఎవరైనా. నోరు తెరువు!" అని దవడ పట్టుకుని పెట్టింది. పిల్ల ఏడుస్తూ నమిలింది. నేను పిల్ల నుదురు తుడిచాను. ఒళ్ళు మెల్లగా వెచ్చబడుతోంది.

అప్పుడు గుడి గంట మొదలైంది. మిట్టమధ్యాహ్నం. పెద్దవాళ్ళ ఆత్మలు ఊళ్ళోకి అడుగుపెట్టే గంట. శ్మశానం వైపు నుంచి తారాజువ్వలు పేలాయి. అన్ని ఇళ్ళల్లో ఆ వేళ గుమ్మాలు బార్లా తెరిచి పేరు పెట్టి పిలుస్తారు.

హొవీతా ఉలిక్కిపడి లేచి చీపురు అందుకుంది. బల్ల దగ్గర నుంచి మొదలుపెట్టి బంతి రెక్కల్ని ఊడ్చేసింది. గుమ్మం, అరుగు, వాకిలి, గేటు. వంగిన నడుం ఎత్తకుండా, దుమ్ము లేచేలాగా ఊడ్చింది. నేను కిటికీలోంచి అరిచాను.

"ఒసేయ్, ఏం పని అది! ఏడాదికొక్కసారి వచ్చేవాడే!"

"దారి కనబడకూడదు" అంది. రెక్కలన్నీ లోయలోకి నెట్టేసింది. లోపలికి పరిగెత్తుకొచ్చి మిగిలిన కొవ్వొత్తులు ఊదేసింది, సాంబ్రాణి మీద నీళ్ళు చల్లింది, పటం గోడవైపు తిప్పింది. తలుపు మూసి గడియ పెట్టి, గడియ చాలదన్నట్టు వీపు ఆనించి నిలబడింది.

"అమ్మా, నాన్న లోపలికెలా వస్తాడు?" అంది మంచం మీంచి పిల్ల.

"నువ్వు నమలు."

గంట మోగుతూనే ఉంది. హొవీతా తల వెనక్కి వాల్చి చెక్కతో మాట్లాడినట్టు మాట్లాడింది. బజార్లో మొగుడితో పోట్లాడే గొంతే, తగ్గించలేదు.

"ఫిదెన్సియో, విను. నీ రొట్టె అయిపోయింది. పరాయివాళ్ళు తినలేదు, నీ కూతురే తింది. నీళ్ళూ అయిపోయాయి. మీ అమ్మ ఇంట్లో మాంసం వండారు, నీ పళ్ళెం అక్కడా పెట్టారు, నేను కనుక్కున్నాను. అక్కడికెళ్ళి తిను. ఇక్కడ నీకేం లేదు. కోపమొస్తే రానీ, నా మీద రానీ, నేను వచ్చాక అక్కడ చూసుకుందాం. దీన్ని పిలవకు. తలుపు కొట్టకు. వెళ్ళు."

లోయ నుంచి గాలి లేచిందో ఏమో, తలుపు చెక్క ఒకసారి కిర్రుమని లోపలికి వంగింది. హొవీతా మడమలు నేలకి తన్నిపెట్టి, రెండు చేతులూ తలుపుకి చాపి ఇంకా గట్టిగా ఆనుకుంది. నేను మంచం దిగి వెళ్ళి ఆమె పక్కన నా వీపు కూడా ఆనించాను. ఎదురుగా మరిసేలా, దుప్పటి భుజాల మీద కప్పుకుని, మా ఇద్దర్నీ చూస్తూ నములుతోంది.